సిస్టర్ల జూబిలీ, ఫిబ్రవరి 6 శుక్రవారం: కువైత్‌లోని వాలంటీర్లంతా ఇక్కడే మాట్లాడండి

కోఆర్డినేటర్ అక్క:
అందరికీ వందనాలు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పి చెప్పి గొంతు పోతోంది, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నా. దయచేసి పర్సనల్ మెసేజ్‌లు పెట్టకండి, ఇక్కడే అడగండి.

కడపలో మన మఠంలో ఈ ఏడు ముగ్గురు సిస్టర్లకు జూబిలీ. పెద్ద సిస్టర్ తొలి మాటపట్టు (సిస్టర్‌గా మొదటిసారి దేవునికి ఇచ్చే ప్రమాణం) 1976లో తీసుకున్నారు, స్వర్ణోత్సవం. హాస్టల్ సిస్టర్, కుట్టు సెంటర్ సిస్టర్ ఇద్దరిదీ 2001, రజతోత్సవం. కడప మేత్రాసనం (బిషప్ గారి పరిధి) ఏర్పడింది కూడా 1976లోనే. అంటే పెద్ద సిస్టర్ సేవకూ మేత్రాసనానికీ ఒకటే వయసు. ఈ మాట ఆ రోజు స్టేజీ మీద ఎవరో ఒకరు తప్పకుండా చెప్పాలి.

వాళ్ళ జూబిలీ పూజ ఫిబ్రవరి 2న, బాలయేసును దేవాలయంలో సమర్పించిన పండుగనాడు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1997 నుంచి ఆ రోజును మఠవాసుల కోసం ప్రత్యేకించారు, అందుకే చాలా మఠాలు జూబిలీలు ఆ రోజే పెట్టుకుంటాయి. కానీ 2 సోమవారం. ఇక్కడ ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళకు సోమవారం ఎవరిస్తారు సెలవు? అందుకని మనది శుక్రవారం 6. కువైత్ సిటీలో, హోలీ ఫ్యామిలీ కో-కథీడ్రల్ కాంపౌండ్‌లోనే. ఉదయం తెలుగు పూజ, తర్వాత హాల్లో భోజనం, ఆ తర్వాత కడపకు వీడియో కాల్.

సాల్మియా తమ్ముడు:
అక్కా, 25, 26 తేదీలు నేషనల్ డే, లిబరేషన్ డే సెలవులు కదా. 27 శుక్రవారంతో కలిపితే వరసగా సెలవులే. అప్పుడైతే జనం బాగా వస్తారు.

కోఆర్డినేటర్ అక్క:
క్యాలెండర్ ఒకసారి చూడప్పా. విభూది బుధవారం ఫిబ్రవరి 18, ఈస్టర్ ముందటి తపస్సుకాలం ఆ రోజే మొదలు. రంజాన్ కూడా దాదాపు అదే రోజుల్లో మొదలవుతుంది. 27న అంటే మనకు తపస్సుకాలం శుక్రవారం, మాంసం లేదు. ఈ దేశంవాళ్ళకు రంజాన్ ఉపవాసం, పగలు బయట నీళ్ళు తాగినా తప్పే. జూబిలీ విందు ఎక్కడ పెడతావు? 6 దాటితే 13 ఒక్కటే ఉంది, అది అవసరం పడితే వాడుకోవడానికి ఉంచుకున్నది. తేదీ మీద ఇక చర్చ వద్దు.

ఫర్వానియా అన్న:
అమ్మా, ఒక సందేహం. పెద్ద సిస్టర్ 1973లోనే మఠంలో చేరినారని మా పెద్దమ్మ అంటుంది, వాళ్ళిద్దరిదీ ఒకే ఊరు. మరి బోర్డు మీద 50 అని వేస్తే తప్పు కాదా?

కోఆర్డినేటర్ అక్క:
తప్పు కాదన్నా. లెక్క చేరిన రోజు నుంచి కాదు, తొలి మాటపట్టు నుంచి. ముందు మఠంలో ఉండి చూస్తారు, తర్వాత నవిషియేట్ అనే శిక్షణ కాలం. అది కనీసం నిండా ఒక ఏడాది ఉండాలని శ్రీసభ (కతోలిక చర్చి) చట్టమే చెబుతుంది, చాలా సభల్లో, అంటే సిస్టర్ల సంస్థల్లో, రెండేళ్ళు. అది అయ్యాక పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటలు ఇస్తారు. అవి మొదట కొన్నేళ్ళకే, మళ్ళీ మళ్ళీ కొత్తగా ఇస్తూ పోవాలి. నిత్య మాటపట్టు ఆ తర్వాత ఎప్పుడో. మధ్యలో వద్దనుకుంటే వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఆపరు. బోర్డు మీద ‘తొలి మాటపట్టు 1976–2026’ అని వేస్తే మీ పెద్దమ్మ కూడా ఒప్పుకుంటుంది.

సంఘం పెద్దాయన:
కార్యక్రమం బాగుంది. అయితే మన సంఘంలో ఇన్నేళ్ళుగా సేవ చేస్తున్న పెద్దలను కూడా అదే వేదిక మీద శాలువాలతో సత్కరిస్తే నిండుగా ఉంటుంది. ముఖ్య అతిథులుగా ఇద్దరు వ్యాపారవేత్తలతో మాట్లాడాను. పెద్ద సిస్టర్‌కు సంఘం తరఫున బంగారు గొలుసు, స్వర్ణోత్సవం కాబట్టి. వీలైతే ఆమెనే ఇక్కడికి పిలిపిద్దాం, టికెట్ నేను పెట్టుకుంటా.

కోఆర్డినేటర్ అక్క:
అన్నా, మీ మనసు పెద్దది, కాదనను. కానీ జూబిలీ ఎవరిది? ముగ్గురు సిస్టర్లది. మనం ఒకరికొకరం శాలువాలు కప్పుకుంటూ కూర్చుంటే కడపలో ఆ ముగ్గురూ ఫోన్ ముందు చూస్తూ ఉండాలి. కిందటి క్రిస్మస్‌కు ఉపన్యాసాలు అయ్యేసరికి సగం హాలు ఖాళీ. సాయంత్రానికల్లా మేడమ్ ఇంట్లో ఉండాల్సినవాళ్ళు లేచి వెళ్ళిపోయారు, వాళ్ళ కోసం పెట్టిన ప్రోగ్రాం వాళ్ళే చూడలేదు. శాలువాలు ఉగాదికి పెట్టుకుందాం.

గొలుసు సంగతి. పేదరికం మాట ఇచ్చిన మనిషికి సొంతంగా ఏదీ ఉండదన్నా. జీతం వచ్చినా, పింఛను వచ్చినా, బహుమతి వచ్చినా అది సభది. గొలుసు ఇస్తే ఆమె మెడలో ఒక్క రోజు కూడా ఉండదు, సభ ప్రాంతీయ పెద్ద అయిన ప్రొవిన్షియల్ చేతికి వెళ్తుంది. ఇక ప్రయాణం. వస్తానని ఆమె అన్నా ఆమె చేతిలో లేదు, పైనుంచి అనుమతి కావాలి. మోకాళ్ళ నొప్పులతో మెట్లే ఎక్కలేకపోతున్నారట, విమానం ఎందుకు?

ఏం కావాలని మఠంలో సుపీరియర్ గారిని అడిగా. ఏమీ వద్దు ప్రార్థించండి అన్నారు, అందరూ అనేదే. మళ్ళీ అడిగితే, హాస్టల్‌లో ఇన్వర్టర్ బ్యాటరీలు పోయాయని, పదో తరగతి పిల్లలకు రాత్రి కరెంటు పోతే చదువు ఆగిపోతోందని చెప్పారు. పరీక్షలు మార్చిలో. ఇదిగో మన బహుమతి.

మంగఫ్ బ్రదర్:
అయితే హాల్లో ఒక డబ్బా పెడదామా?

కోఆర్డినేటర్ అక్క:
వద్దు, వద్దు. ఇది పెద్ద అక్షరాలతో రాసినట్టు చదువుకోండి. ఈ దేశంలో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం. డబ్బా లేదు, కవర్లు లేవు, ఒకరు అందరి దగ్గరా పోగుచేసి పంపడం అసలే లేదు. గుడి వాళ్ళకు కూడా మన వల్ల మాట రాకూడదు. గేటు బయట ఫ్లెక్సీలు, ఫొటోలు కూడా వద్దు, ఏం చేసినా కాంపౌండ్ లోపలే.

ఇవ్వాలనుకున్నవాళ్ళు తమ బ్యాంకు ఖాతా నుంచి నేరుగా సభ ఖాతాకు పంపుకోవచ్చు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ మఠానికి పంపితే వాళ్ళు రికార్డులో పెట్టుకుంటారు. వేరే దేశం పాస్‌పోర్టు తీసుకున్న మనవాళ్ళుంటే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే, అదీ ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఉండే ఖాతాకే పంపాలి. రెండూ కలిపితే తలనొప్పి సిస్టర్లకు. ఎవరెంత పంపారో నాకు చెప్పక్కర్లేదు, స్టేజీ మీద చదవబోము కూడా.

సాల్మియా తమ్ముడు:
పూల ఆంథోనీ కార్డినల్ గారి దగ్గర నుంచి వీడియో సందేశం తెప్పిస్తే? కర్నూలు ప్రాంతం బిడ్డ, 1992లో గురువైంది (ఫాదర్ అయింది) మన కడప మేత్రాసనానికే, 2022లో కార్డినల్ అయిన తొలి తెలుగువాడు. అదిరిపోతుంది.

కోఆర్డినేటర్ అక్క:
వస్తే సంతోషం, ఒక్క నిమిషం వేద్దాం. రాకపోతే టెన్షన్ పడొద్దు. దాని వెంట నువ్వు తిరిగితే మైకు పని ఎవరు చూస్తారు?

వంటల టీం అక్క:
ప్రార్థన, పాటలు సరే, మాట్లాడేది ఎవరు? మా అమ్మకు చదువు రాదు. రాజంపేట పక్కన మా ఊరికి పెద్ద సిస్టర్ వారానికొకసారి మందుల పెట్టె తీసుకుని బస్సులో వచ్చేవాళ్ళు. మాత్రలు పొట్లం కట్టి, పైన పెన్నుతో సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేసేవాళ్ళు. సూర్యుడి కింద ఒక గీత ఉంటే పొద్దున ఒకటి, చంద్రుడి కింద రెండు గీతలుంటే రాత్రి రెండు. మా అమ్మ ఒక్కసారి కూడా తప్పు మింగలేదు. ఆ పొట్లం కాగితం ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో బైబిలులో ఉంది. అది చెప్పాలని ఉంది కానీ మైకంటే నాకు వణుకు.

కోఆర్డినేటర్ అక్క:
అక్కా, ఇదే కావాల్సింది. వణుకుతూనే చెప్పండి. ఆ కాగితం ఫొటో ఊరి నుంచి తెప్పిస్తే తెర మీద వేద్దాం.

అందరికీ చెబుతున్నా: ఉపన్యాసాలు లేవు. సిస్టర్ల దగ్గర చదివినవాళ్ళు, కుట్టు నేర్చుకున్నవాళ్ళు, మందు తీసుకున్నవాళ్ళు ఒక్కొక్కరు ఒక్క నిమిషం. ‘త్యాగమూర్తులు’, ‘కరుణామయులు’ లాంటి మాటలు వద్దు. సిస్టర్లు అవి విని విని ఉన్నారు. ఏం చేశారో చెప్పండి. హాస్టల్ సిస్టర్ తిట్టిన తిట్టు గుర్తుంటే అదీ చెప్పండి, ఆమె నవ్వుతారు.

ఫహాహీల్ చెల్లి:
నేను చెబుతా అక్కా. కువైత్ వచ్చేటప్పుడు ఏజెంటు ఆఫీసులో అందరిచేతా వేలిముద్ర వేయించుకుంటుంటే, నేను కాగితం మొత్తం చదివే సంతకం పెడతానన్నా. జీతం వాళ్ళు నోటితో చెప్పిందానికంటే తక్కువ రాసి ఉంది. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టొద్దని హాస్టల్ సిస్టర్ మార్కుల కార్డు దగ్గర నుంచీ నేర్పారు. దిద్దించుకునే వచ్చా.

కోఆర్డినేటర్ అక్క:
నువ్వే మొదట.

వంటల టీం అక్క:
ఇక తిండి. సంగటి, కోడి పులుసు, ఊరిబిండి, ఓళిగలు. నాటుకోడి అడగొద్దు, జమియాలో (ఇక్కడి కోఆపరేటివ్ స్టోర్‌లో) దొరికే కోడితోనే సరిపెట్టుకోవాలి. మామూలు శుక్రవారం కూడా మాంసం ముట్టనివాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, వాళ్ళకు గుత్తి వంకాయ. సంగటి ముందే చేసి తెస్తే రాయి అయిపోతుంది. పూజ జరుగుతుండగానే ఇద్దరు దగ్గర్లో ఉన్న మా తమ్ముడి ఫ్లాట్‌లో కెలికి, ముద్దలు కట్టి, హాట్‌బాక్సుల్లో తేవాలి. చేతులు కాలినా పర్లేదనేవాళ్ళు ఇద్దరు కావాలి, మగవాళ్ళైనా సరే.

మంగఫ్ బ్రదర్:
నేను ఒకణ్ణి. ఆర్మీ క్యాంపు మెస్‌లో వంద మందికి వండినవాణ్ణి.

కడప నుంచి బాబాయ్:
అందరికీ స్తోత్రం. ఇక్కడ మఠంలో ట్రయల్ చూశా. చాపెల్‌లో సిగ్నల్ లేదు, హాస్టల్ డైనింగ్ హాల్లో బాగుంది. టీవీకి కలిపితే ముగ్గురికీ కనబడుతుంది. మీ రెండున్నర అంటే మాకు ఐదు. ఆరు గంటలకు వాళ్ళకు సాయంకాల ప్రార్థన, గంట కొడితే ఎవరితో మాట్లాడుతున్నా లేచి వెళ్ళిపోతారు. కాబట్టి ఐదూ ముప్పావుకల్లా ముగించాలి. 2న పూజలో వాళ్ళు కొవ్వొత్తులు పట్టుకుని మాటపట్టు మళ్ళీ చదువుతారు, దాన్ని రికార్డు చేసి అదే రాత్రి పంపుతా. కాల్ కలవకముందే అది వేసుకోండి.

కోఆర్డినేటర్ అక్క:
బాబాయ్, చాలా మేలు చేశారు. అయితే టైమింగ్ ఇది: భోజనం ఒకటిన్నరకు ముగియాలి, రెండూ పదికి మాటపట్టు వీడియో, రెండున్నరకు కాల్, మూడూ పావుకు ఆఖరి ఆశీర్వాదం, మూడున్నరకు బస్సులు కదలాలి. మన వైపు కొవ్వొత్తులు బ్యాటరీవే, హాల్లో మంట వద్దన్నారు.

కడప నుంచి బాబాయ్:
ఇంకొకటి. పెద్ద సిస్టర్ ఒక మాట చెప్పమన్నారు. మాట్లాడేవాళ్ళ పేరు, ఊరు, తండ్రి పేరు, ఏ సంవత్సరం హాస్టల్‌లో ఉన్నారో ముందే రాసి పంపాలట. పాత రిజిస్టర్లు దించి పెట్టుకున్నారు. ఎవరికి పదో తరగతిలో లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో కూడా చూస్తారట, జాగ్రత్త.

ఫహాహీల్ చెల్లి:
అయ్యో, నాకు 36.

కోఆర్డినేటర్ అక్క:
పాసయ్యావుగా, చాలు. మాట్లాడేవాళ్ళు వివరాలు జనవరి 28 బుధవారం లోపు నాకు పంపండి, ఈ ఒక్కటి మాత్రం ఇక్కడ కాదు, పర్సనల్‌గా. సంఘం పెద్దాయనా, మీరు పెడతానన్న టికెట్ డబ్బుతో బస్సుల బాడుగ చూసుకుంటే పుణ్యం కట్టుకున్నట్టే, నెలకొక్క శుక్రవారం సెలవు దొరికే పిల్లలు టాక్సీ పెట్టుకోలేక ఆగిపోతున్నారు.

సంఘం పెద్దాయన:
సరేనమ్మా. ఎన్ని బస్సులు?

కోఆర్డినేటర్ అక్క:
అబ్బాసియా నుంచి ఒకటి, ఫహాహీల్–మంగఫ్ కలిపి ఒకటి. సాల్మియా వాళ్ళకు కార్లు సరిపోతాయి, సాల్మియా తమ్ముడు లెక్క చూసి ఈ రాత్రికి చెప్పాలి. చెల్లీ, మీ వైపు ఎక్కేవాళ్ళ లిస్టు ఇంకా రాలేదు.