ఉద్యోగుల డేటాలో కోరిలేషన్ చూసి రాజీనామాకి కారణాలు చెప్పొచ్చా?

డేటాబాట: చాలామంది సాధన చేసే ఐబీఎం ఉద్యోగుల డేటానే తీసుకుందాం. కల్పితమే, కానీ పనికొస్తుంది: 1,470 మంది, 35 కాలమ్‌లు, మానేసినవాళ్లు 237. సంఖ్యలున్న కాలమ్‌లన్నిటికీ పియర్సన్ కోరిలేషన్ (రెండు కాలమ్‌లు కలిసి ఎంతగా మారతాయో -1 నుంచి 1 దాకా చెప్పే కొలత) హీట్‌మ్యాప్, అంటే రంగుల పట్టిక వేసి, పి-వాల్యూ (అసలు సంబంధమే లేకపోయినా ఇంత బలమైన ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.05 లోపు వచ్చినవాటిని కారణాలుగా నివేదికలో రాస్తే చాలని నా వాదన.

సున్నాపరికల్పన: చాలదండీ. మానేశారా లేదా అన్న కాలమ్ అసలు ఆ హీట్‌మ్యాప్‌లోనే ఉండదు, ఎందుకంటే అది అక్షరాల్లో ఉంది. ఓవర్‌టైం కూడా అంతే. విడిగా లెక్కేసి చూడండి: ఓవర్‌టైం చేసిన 416 మందిలో 127 మంది వెళ్లిపోయారు, చేయని 1,054 మందిలో 110 మంది. అంటే 30.5 శాతం, 10.4 శాతం. దీనికి కావలసింది రెండు బై రెండు పట్టికతో కై-స్క్వేర్ పరీక్ష, అంటే రెండు వర్గాల మధ్య సంబంధం ఉందో లేదో చూసేది. సంబంధం బలం చెప్పే ఫై విలువ దాదాపు 0.25 వస్తుంది. అది కూడా రాయాలి, పి-వాల్యూ ఒక్కటే రాస్తే బలం తెలియదు.

మధ్యగతం: ఇంకో చిక్కుంది. సంఖ్యల కాలమ్‌లు 26. అందులో రెండింటిలో అందరికీ ఒకే విలువ, కోరిలేషన్ లెక్కే రాదు. ఉద్యోగి నంబరు వట్టి గుర్తు. మిగిలిన 23కి 253 జతలు. అసలు ఏ సంబంధమూ లేకపోయినా 0.05 గీత దగ్గర సగటున 12, 13 జతలు దొంగ సంబంధాలుగా తేలతాయి. ఇన్ని పరీక్షలు ఒకేసారి చేసినప్పుడు దొంగ ఫలితాల వాటాని అదుపులో పెట్టే బెంజమిని-హాక్‌బర్గ్ సవరణ తప్పనిసరి. 0.05ని పరీక్షల సంఖ్యతో భాగించే బోన్‌ఫెరోని సవరణ ఇక్కడ మరీ కఠినం, నిజమైనవి కూడా కొట్టుకుపోతాయి.

డేటాబాట: ఓవర్‌టైం సంగతి ఒప్పుకుంటున్నా. కానీ పనితీరు రేటింగ్‌కీ జీతం పెంపు శాతానికీ మధ్య కోరిలేషన్ 0.77 వస్తోంది. ఏ సవరణ చేసినా అది నిలబడుతుంది కదా?

సున్నాపరికల్పన: నిలబడుతుంది, కానీ అది కనుగొన్న విషయం కాదు. రేటింగ్ కాలమ్‌లో ఉన్నవి 3, 4 మాత్రమే. పెంపు 20 శాతం, ఆపైన ఉన్నవాళ్లందరికీ 4, కిందున్నవాళ్లకి 3. డేటా తయారుచేసినప్పుడు పెట్టిన నియమమే మీకు మళ్లీ కనిపిస్తోంది. కోరిలేషన్ కన్నా ముందు స్కాటర్ ప్లాట్ (ఒక్కో ఉద్యోగికి ఒక చుక్క పెట్టే బొమ్మ) గీస్తే ఒక్క చూపులో తెలిసేది.

మధ్యగతం: కారణం దాకా వెళ్లాలంటే హోదా, వయసు, జీతం కలిపి లాజిస్టిక్ రిగ్రెషన్ (మానేసే అవకాశాన్ని చాలా అంశాలతో ఒకేసారి అంచనా వేసే పద్ధతి) వేసి, అప్పుడు ఓవర్‌టైం ప్రభావం ఎంత మిగిలిందో చూడాలి. అదీ సగం దారే. మానేసినవాళ్ల సర్వీసు ఆగిపోయింది, ఉన్నవాళ్లది ఇంకా నడుస్తోంది. రెండింటినీ ఒకే గాటన కట్టి సగటులు పోల్చకూడదు. దానికి కప్లాన్-మేయర్ పద్ధతి ఉంది, ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్లనీ లెక్కలోకి తీసుకుని ఎంతమంది ఎంతకాలం నిలిచారో చెప్తుంది. ఇక ఓవర్‌టైమే కారణమని చెప్పాలంటే ఎవరు ఎప్పుడు ఓవర్‌టైం మొదలుపెట్టారో, ఎప్పుడు ఉద్యోగం మానేశారో తేదీలు కావాలి. ఈ ఫైల్లో ఒక్క తేదీ కాలమ్ కూడా లేదు.