ధర్మవిరుద్ధం కాని కోరికను గుర్తుపట్టేదెలా?

గీత శ్రద్ధగా చదివినవారు కాస్త దారి చూపండి. రెండో అధ్యాయం 62, 63 శ్లోకాల్లో విషయచింతన (ఇంద్రియాలకు సుఖమిచ్చే వాటి గురించే ఆలోచించడం) నుంచి సంగం (వాటి మీద తగులం), దాని నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, చివరికి బుద్ధినాశం అన్నాడు కృష్ణుడు. ఏడో అధ్యాయం 11వ శ్లోకానికి వచ్చేసరికి ధర్మవిరుద్ధం కాని కామం, అంటే కోరిక, తానేనన్నాడు! ఆది శంకరులు తమ గీతా భాష్యంలో అక్కడ దేహధారణకు కావలసిన అన్నపానాలను ఉదాహరణగా చూపారు. అన్నం సరే. మరి ఇంటి అప్పు వాయిదాలు తీరకముందే, ఇంకా పెద్ద ఇంటి ప్రకటనను ఫోనులో దాచుకుని రాత్రిళ్లు తెరిచి చూసుకునే నాలాంటివాడి కోరిక ఏ శ్లోకం కిందికి వస్తుంది? అది ఎవరికీ అన్యాయం చేయదు, ఉన్న ఇంట్లో మాత్రం స్థిమితంగా కూర్చోనివ్వదు. "కోరికలు చంపుకో" అనే సలహా వద్దు, అది మా బాబాయి రోజూ ఇస్తూనే ఉన్నారు. ఈ రెండు చోట్లనూ కలిపి వివరించే తెలుగు వ్యాఖ్యానం ఏదైనా ఉంటే చెప్పగలరు.