అండాశయ క్యాన్సర్: ఆపరేషన్ ఎవరితో చేయించాలి?

మా అమ్మకి అండాశయ క్యాన్సర్, మూడో స్టేజీ అన్నారు. గుంటూరులో మాకు తెలిసిన గైనకాలజిస్టు ఆపరేషన్ తనే చేస్తానంటున్నారు. మంచి డాక్టరే, కానీ నాకు ధైర్యం చాలడం లేదు. ఎన్‌సీసీఎన్ (అమెరికాలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి) మార్గదర్శకాలు ఈ సర్జరీ గైనిక్ ఆంకాలజిస్టే (ఆడవాళ్ల జననాంగ క్యాన్సర్ల నిపుణులే) చేయాలంటాయి. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో కాలిఫోర్నియాకు చెందిన 13 వేలమందికి పైగా అండాశయ క్యాన్సర్ రోగుల వివరాలు చూస్తే, మార్గదర్శకాల ప్రకారం వైద్యం అందింది సుమారు 37 శాతం మందికే. అందినవాళ్లు ఎక్కువకాలం బతికారు. అది చదివాక నిద్ర పట్టడం లేదు.

విజయవాడ, హైదరాబాద్‌లలో ఇలాంటి ఆపరేషన్లు తరచుగా చేసే గైనిక్ ఆంకాలజిస్టు ఎవరైనా తెలుసా? ముందు కీమో (కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్) ఇచ్చి తర్వాత సర్జరీ చేయించుకున్నవాళ్లు ఉన్నారా? అది ఎవరు, ఏం చూసి నిర్ణయించారు? బీఆర్‌సీఏ పరీక్ష (ఈ క్యాన్సర్‌కి సంబంధించిన జన్యు పరీక్ష) ఎప్పుడు చేయించారు, ఖర్చెంతైంది? అమ్మ డాక్టరుగారిని నొప్పించకుండా రెండో అభిప్రాయం ఎలా అడగాలో కూడా చెప్పండి, ప్లీజ్.