మూడు సెంట్ల స్థలంలో కింది అంతస్తు విశాలంగా ఉండాలంటే ఏ గోడ తీయాలి, ఏ గోడ ఉంచాలి?

ప్రశ్న — శ్రీకాకుళం నుండి

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం పట్టణానికి ఆనుకొని అరసవల్లి వైపు మాకు 27 అడుగుల వెడల్పు, 48 అడుగుల పొడవు గల స్థలం ఉంది. లెక్కకు 144 గజాలు, అంటే మూడు సెంట్లకు ఒక గజం తక్కువ. వీధి తూర్పున ఉంది. నాలుగు వైపులా వదలవలసినది వదిలిన తరువాత కట్టుకోవడానికి 21 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు మిగులుతుంది. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు కట్టుకోవాలని మా సంకల్పం.

ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అమ్మగారు ఉంటాము. అమ్మకు మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లు ఎక్కడం కష్టం కాబట్టి ఆమె గది, స్నానాల గది కిందనే ఉండాలి. ఇప్పుడు మేము అద్దెకు ఉంటున్న ఇంట్లో నాలుగు చిన్న గదులున్నాయి. మధ్య గదిలో పట్టపగలు కూడా దీపం వేసుకోవలసి వస్తుంది, వంటగదిలో ఉన్నవారికి హాలులో ఎవరు వచ్చారో తెలియదు. అందుకే కొత్త ఇంట్లో హాలు, భోజనాల చోటు, వంటగది ఈ మూడింటి మధ్య గోడలు లేకుండా ఒకటిగా ఉంచుకోవాలని నా భార్య, నేను అనుకున్నాము.

మేస్త్రిగారు గీసిన ప్లానులో వంటగది ఆగ్నేయంలో, అంటే వీధి గుమ్మం పక్కనే వచ్చింది. అది నేరుగా హాలులోకి తెరుచుకుంటుంది. మెట్లు ఇంటి మధ్యలో, అమ్మ గది నైరుతిలో, దేవుడి మందిరం హాలులో ఈశాన్య మూలన ఉన్నాయి. నా సందేహాలు మూడు. హాలులో స్తంభం రాకుండా 20 అడుగుల పొడవు బీము వేయడం సురక్షితమేనా? వంట వాసనలు ఇల్లంతా, ముఖ్యంగా దేవుడి మందిరం దాకా, వ్యాపించకుండా ఏమి చేయాలి? ఇలా కట్టుకున్నవారు కొన్నేళ్ళ తరువాత దేనికి బాధపడ్డారు? అనుభవం ఉన్న పెద్దలు తెలియజేయగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం — నిర్మాణ ఇంజనీరు, విజయనగరం

మీ మూడు సందేహాలలో రెండవ దానికే ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే దాని మీదనే మిగిలిన ప్లాను అంతా ఆధారపడుతుంది.

మన తీరంలో సముద్రం ఆగ్నేయ దిశలో ఉంది. వేసవి మొదలుకొని వానాకాలం ముగిసేదాకా గాలి ఎక్కువగా దక్షిణం నుండి, నైరుతి నుండి వీస్తుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి ఆగ్నేయం వైపు నుండి వస్తుంది. మీ మేస్త్రిగారి ప్లానులో పొయ్యి సరిగ్గా ఆ గాలి లోపలికి వచ్చే చోట ఉంది. అప్పుడు పోపు ఘాటు, నూనె ఆవిరి గాలితో పాటు హాలులోకి, మెట్ల మీదుగా పై అంతస్తులోకి పోతాయి. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టినా అది ఎదురుగాలితో పోరాడవలసిందే. గదులు విడివిడిగా, తలుపులతో ఉన్న ఇళ్ళలో ఈ దోషం బయటపడదు. గోడ తీసివేసిన ఇంట్లో మొదటి రోజే తెలుస్తుంది.

కాబట్టి గోడలు తగ్గించాలనే నిశ్చయం మీకు గట్టిగా ఉంటే వంటగదిని వాయవ్యానికి మార్చండి. ఆగ్నేయం కుదరనప్పుడు వాయవ్యంలో వంట చేసుకోవచ్చని వాస్తు పాటించేవారు కూడా చెబుతారు కనుక అమ్మగారికి అభ్యంతరం ఉండకపోవచ్చు. అక్కడ ఉత్తరపు గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను, చిమ్నీ గొట్టం పెడితే, దక్షిణపు గాలి ఇంటిని దాటుకుంటూ వచ్చి వంట ఆవిరిని బయటికే తోస్తుంది. శీతాకాలంలో ఉత్తరపు గాలి వీచే నెలల్లో కొంత వాసన లోపలికి రావచ్చు గాని, ఆ రోజుల్లో ఉత్తరపు కిటికీ మూసి చిమ్నీతో సరిపెట్టుకోవచ్చు.

ఇక బీము సంగతి. గోడల మందం పోగా మీకు లోపల సుమారు 20 అడుగుల వెడల్పు, 38.5 అడుగుల పొడవు ఉంటుంది. దానిని తూర్పు నుండి పడమరకు మూడు భాగాలుగా ఊహించండి. ముందు 11.5 అడుగుల లోతున హాలు, మధ్యలో 15 అడుగులు, వెనుక 12 అడుగులు. మధ్య భాగంలో దక్షిణపు గోడకు ఆనించి 7 అడుగుల వెడల్పున మెట్లు, వాటి వెనుక 4.5 అడుగుల స్నానాల గది. ఉత్తరం వైపు మిగిలిన దాదాపు 13 అడుగుల వెడల్పు భోజనాల చోటు. వెనుక భాగంలో నైరుతిన అమ్మగారి గది, వాయవ్యాన వంటగది. హాలు 20 అడుగుల వెడల్పు ఉన్నా శ్లాబు పొట్టి దిశలో, అంటే 11.5 అడుగులు మాత్రమే దాటుతుంది. మెట్ల మూల దగ్గర గోడలో కలిసిపోయేలా ఒక స్తంభం వేస్తే, హాలుకు, భోజనాల చోటుకు మధ్య బీము 13 అడుగులతో ముగుస్తుంది. మీరు భయపడుతున్న 20 అడుగుల బీము అవసరమే రాదు. అది వేయవలసి వస్తే సుమారు 20 అంగుళాల లోతు కావాలి. ఖర్చుతో పాటు తల మీద బరువుగా వేలాడుతున్నట్టు కనిపిస్తుంది.

మెట్లకు చోటు సరిపోతుందా అని అడుగుతారేమో. అంతస్తు ఎత్తు 10.5 అడుగులు అనుకుంటే 7 అంగుళాల ఎత్తున 18 మెట్లు వస్తాయి. రెండు వరుసలుగా విడదీసి, 10 అంగుళాల అడుగు, మధ్యలో 3 అడుగుల చదును ఇస్తే పొడవు 10 అడుగుల లోపే ఉంటుంది.

ఒక్క విషయం మాత్రం మేస్త్రి మాట మీద వదిలేయవద్దు. కింద గోడలు తగ్గించి, పైన పడక గదుల కోసం గోడలు ఇష్టం వచ్చిన చోట లేపడం ప్రమాదకరం. పది అడుగుల ఎత్తున్న తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఒక్కొక్క అడుగు పొడవుకు దాదాపు 400 కిలోల బరువు ఉంటుంది. పై గోడ ప్రతిదాని కింద బీము ఉండాలి, లేదా తేలికపాటి ఇటుకతో నాలుగున్నర అంగుళాల గోడ కట్టి ఆ బరువును శ్లాబు లెక్కలో ముందే చేర్చాలి. 2001 జనవరి 26న గుజరాత్‌లో భూకంపం వచ్చినప్పుడు అహ్మదాబాద్‌లో కింది అంతస్తు స్తంభాల మీదనే నిలిచిన ఇళ్ళు అనేకం కూలిపోయాయి. పైన గోడలతో బిగుసుకుని, కింద ఖాళీగా ఉండటం అందుకు ఒక ముఖ్య కారణం. మన జిల్లాలకు భూకంపాల తీవ్రత అంతటిది కాకపోయినా తుఫాను గాలి ఇంటిని పక్కకే నెడుతుంది. స్తంభాల కొలతలు, ఇనుము వివరాలు అర్హత ఉన్న ఇంజనీరు చేత లెక్క వేయించి, కాగితం మీద తీసుకోండి.

రెండవ సమాధానం — గృహిణి, విజయనగరం

అన్నయ్యగారూ, మాది మీరు చెప్పిన పద్ధతిలో కట్టుకున్న ఇల్లే, గృహప్రవేశమై నాలుగేళ్ళయింది. ఇంజనీరుగారు గాలి గురించి చెప్పినది అక్షరాలా నిజం. వంట చేసే మనిషిగా నేను మరికొన్ని చేరుస్తాను.

మన ఇళ్ళలో ఎండు నెత్తళ్ళు వేయించిన రోజు, ఆవ పెట్టిన కూర చేసిన రోజు ఉంటాయి. ఆ వాసన సోఫా గుడ్డల్లో, తెరల్లో రెండు రోజులు నిలిచిపోయేది. హాలులో ఫ్యాను రెక్కల మీద జిగురుగా నూనె పొర చేరి, దానికి దుమ్ము పట్టేది. అది ఒట్టి గుడ్డతో తుడిస్తే పోదు. అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టింది ఫ్యాను గాలి. హాలులో ఫ్యాను వేస్తే పొయ్యి మంట చెదిరేది, ఆపితే వచ్చినవారికి ఉక్కపోసేది. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగకు చుట్టాలు వచ్చినప్పుడు, సింకులో అంట్ల గిన్నెలన్నీ అందరికీ కనబడుతుంటే నాకు కూర్చోబుద్ధి అయ్యేది కాదు.

రెండవ ఏట మేము చేసిన మార్పు ఇది. వంటగదికి, భోజనాల బల్లకు మధ్య మూడున్నర అడుగుల ఎత్తున అర గోడ కట్టించి, దాని మీద నల్ల గ్రానైటు పరిచి, ఆపైన శ్లాబు దాకా పక్కకు జరిగే అద్దపు తలుపులు పెట్టించాము. పోపు వేసేటప్పుడు మూసేస్తాను, మిగిలిన వేళల్లో తెరిచే ఉంటుంది. అర గోడ వల్ల సింకు హాలు నుండి కనబడదు. మూసి ఉన్నప్పుడు కూడా పిల్లలు చదువుకుంటున్నారో లేదో అద్దంలోంచి చూసుకోవచ్చు. కట్టేటప్పుడే అనుకుని ఉంటే ఇంత గచ్చు తవ్వవలసిన పని ఉండేది కాదు, కాబట్టి మీరు ఇప్పుడే ఆ తలుపు పట్టాలకు పైన, కింద చోటు ఉంచుకోండి.

గ్యాసు గురించి ఒక జాగ్రత్త. వంట గ్యాసు గాలి కంటే బరువైనది, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. గోడలు లేని ఇంట్లో అది దేవుడి దీపం దాకా పాకగలదు. సిలిండరును బయట, గాలి ఆడే గూటిలో పెట్టించి గొట్టం మాత్రం లోపలికి తెప్పించుకోండి; వంటగది గోడకు నేల దగ్గర ఒక జాలీ కూడా పెట్టించండి.

ఇంత చెప్పినా, గోడలన్నీ మళ్ళీ కట్టుకుందామా అని మా ఇంట్లో ఒక్కనాడూ అనుకోలేదు. మా అత్తగారు ఉదయం పూట భోజనాల బల్ల దగ్గర చిన్న పీట వేసుకుని కూరగాయలు తరుగుతూ, నేను పొయ్యి దగ్గర ఉండగానే ఊరి సంగతులన్నీ చెబుతారు. పాత ఇంట్లో ఆమె ఒక గదిలో, నేను ఒక గదిలో ఉండి, ఒకరినొకరు కేకలు వేసి పిలుచుకునేవాళ్ళం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వాయవ్యం మాట చెప్పగానే అమ్మ ఒప్పుకున్నారు. వంటగది వీధిలోకి కనిపించడం ఆమెకు మొదటి నుండి నచ్చలేదట. ఇంజనీరుగారు చెప్పిన కొలతలు సుద్ద ముక్కతో స్థలంలోనే గీసి చూశాము. అందులో రెండు చిక్కులు కనిపించాయి. తూర్పున వెలుతురు కోసం 10 అడుగుల వెడల్పున అద్దపు తలుపులు పెట్టాలని నా భార్య కోరిక. అది మన ప్రాంతానికి తగినదేనా? రెండవది, స్నానాల గది తలుపు భోజనాల బల్లకు ఎదురుగా వస్తోంది. ఆ తలుపును అమ్మ గదిలోకి తిప్పితే వచ్చినవారికి కింద వేరే స్నానాల గది ఉండదు.

మూడవ సమాధానం — విశ్రాంత ఉపాధ్యాయుడు, ఉద్దానం

బాబూ, అద్దపు తలుపుల గురించి నేను చెప్పగలను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు నేను మా ఇంట్లోనే ఉన్నాను. తూర్పు వైపు పెద్ద కిటికీ అద్దం పగిలిన మరుక్షణం లోపలి గాలి ఒత్తిడికి పడమటి తలుపు గడియ ఊడి వచ్చింది. మా ఇంట్లో అడ్డుగోడలు ఉండబట్టి మిగిలిన గదులు నిలిచాయి. గోడలు లేని మీ హాలులో ఒక అద్దం పగిలితే గాలి ఒకేసారి వంటగది దాకా, మెట్ల మీదుగా పైదాకా పోతుంది. మెట్ల పైన గది మీద రేకులు వేసే ఆలోచన ఉంటే మానుకోండి, అక్కడ కూడా శ్లాబే వేయండి. ఆ తుఫానులో మా వీధిలో ముందుగా ఎగిరిపోయినవి మేడల మీది రేకులే.

పది అడుగుల అద్దానికి బదులు మధ్యలో ఇటుక కట్టు వదిలి, నాలుగేసి అడుగుల కిటికీలు రెండు పెట్టించండి. వాటికి బయటి వైపు చెక్క రెక్కలు ఉంటే తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున మూసి గడియ వేసుకోవచ్చు. వెలుతురుకు పెద్ద లోటు రాదు. పైగా మా పెద్దల ఇళ్ళలో వీధి గుమ్మం నుండి పెరటి గుమ్మం దాకా తలుపులన్నీ ఒకే వరుసలో ఉండేవి, ఆ దారినే గాలి ఆడేది. మీ ఇంట్లో హాలు కిటికీకి సూటిగా వంటగది పడమటి గోడకు ఒక కిటికీ ఉంచితే ఆ సుఖం మీకు కూడా దక్కుతుంది. కిటికీలన్నిటికీ దోమతెర మరువకండి.

నిర్మాణ ఇంజనీరు, విజయనగరం

మాస్టారు చెప్పినట్టే రెండు కిటికీలు పెట్టండి. మధ్యలో వదిలే ఇటుక కట్టు నిర్మాణానికి కూడా మేలు చేస్తుంది, ముందు వైపు బీముకు అక్కడ ఒక స్తంభం దొరుకుతుంది. హాలు, భోజనాల చోటు కలిపి సుమారు 425 చదరపు అడుగులు అవుతుంది, అది మెట్లకు కూడా తెరుచుకుని ఉంటుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ దానిని చల్లబరచలేదు. కాబట్టి కింద ఏసీని అమ్మగారి గదికే పరిమితం చేసి, హాలును గాలికి, ఫ్యాన్లకు వదిలేయడం నయం. మెట్ల పైన మాత్రం ఒక తలుపు పెట్టించండి, పై గదుల చల్లదనం కిందికి జారిపోకుండా ఉంటుంది.

స్నానాల గదికి ఒకే తలుపు చాలు. అది భోజనాల వైపే ఉండనివ్వండి గాని, పడమటి చివరకు, అమ్మగారి గది గుమ్మానికి పక్కకు జరపండి. స్నానాల గది తూర్పు మూల నుండి ఉత్తరానికి 3 అడుగుల అడ్డుగోడ తీస్తే, ఆ రెండు గుమ్మాలూ దాని వెనుక చిన్న సందులోకి వస్తాయి, బల్ల దగ్గర కూర్చున్నవారికి ఏదీ కనబడదు. చేతులు కడుక్కునే బేసిన్‌ను ఆ అడ్డుగోడకే భోజనాల వైపు బిగించుకోవచ్చు. అమ్మగారు మంచం దిగి గుమ్మం దాటితే స్నానాల గది రెండడుగుల్లో అందుతుంది. తలుపు రెక్క బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపల ఎవరైనా జారి పడితే లోపలికి తెరుచుకునే తలుపు వారికే అడ్డుపడి, సాయం చేసేవారు వెళ్ళలేకపోతారు. కమోడ్ పక్క గోడకు పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీ కావాలి కనుక ఆ భాగంలో బోలు ఇటుక వాడవద్దని మేస్త్రికి పునాది దశలోనే చెప్పి ఉంచండి.