నాలుగు నెలలు, ఆరు నెలలు, ఏడు నెలలు: రెజ్యూమెలో ఎలా చూపించాలి?

ఇర్వింగ్, టెక్సస్ నుంచి

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. 2024 మే నెలలో ఇక్కడ ఎమ్మెస్ పూర్తయింది. ఆగస్టులో ఒక చిన్న స్టార్టప్‌లో చేరాను. నాలుగు నెలలకే డబ్బులు అయిపోయి అందరినీ పంపించేశారు. తరువాత ఒక కన్సల్టెన్సీ ద్వారా ఒక బ్యాంకు ప్రాజెక్టులో ఆరు నెలలు చేశాను, అదీ ముగిసింది. ఇప్పుడు స్టెమ్ ఓపీటీ (చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేయనిచ్చే ఓపీటీకి సైన్సు, సాంకేతిక చదువులవారికిచ్చే పొడిగింపు) మీద మూడో చోట ఏడో నెల నడుస్తోంది. పని నచ్చడం లేదు, మారాలని ఉంది. అమెరికా రాకముందు హైదరాబాదులో తొమ్మిది నెలలు చేసిన ఉద్యోగం కూడా ఉంది. ఎక్కడికి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే: "ఇన్ని చోట్ల ఎందుకు మారారు?" పాత కన్సల్టెన్సీ ఆయన "తేదీలు కలిపి నాలుగేళ్ళ అనుభవంగా రాసిస్తాను, ఎవరైనా ఫోను చేస్తే నేను చూసుకుంటాను" అంటున్నారు. ఇంట్లో నాన్నకేమో "పిల్లవాడికి కుదురు లేదంటారు" అని బెంగ. ఏం చేయమంటారు?

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

ఇక్కడ చాలామంది చేసేదే, తమ్ముడూ. రెండు మూడు నెలలు అటూ ఇటూ జరిపితే ఖాళీలు కనబడవు. నేను వచ్చిన కొత్తలో అలాగే నెట్టుకొచ్చాను, ఎవరూ అడగలేదు.

ప్లేనో, టెక్సస్ నుంచి

ఎడిసన్ అన్నగారు ఏమీ అనుకోకూడదు, ఈ సలహాకు నేను ఒప్పుకోను. తమ్ముడూ, నా చిన్న తమ్ముడి వయసే ఉంటుంది నీకు, నువ్వు అనే రాస్తున్నాను. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడ ఉన్నాను, వాటిలో ఆరేళ్ళు ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చున్నాను. నా మాట ఒక్కటే: రెజ్యూమెలో కావాలంటే ఒక ఉద్యోగాన్ని వదిలేయవచ్చు, దేన్నీ సాగదీయకూడదు.

రెజ్యూమె అంటే నీ పనిలోంచి నువ్వు ఏరి చూపించుకునే కాగితం. ఉద్యోగం ఖాయమయ్యాక తనిఖీ కోసం నింపే దరఖాస్తు అలాంటిది కాదు. వీసాకు నింపే డీఎస్-160, గ్రీన్ కార్డు చివరి మెట్టు మీద నింపే ఐ-485 అసలే కావు. వాటిలో గత అయిదేళ్ళ ఉద్యోగాలు అడుగుతారు, అంతా నిజమని సంతకం పెడతావు. రెజ్యూమెలో లేని నాలుగు నెలల ఉద్యోగం అక్కడ కనబడితే ఎవరికీ పట్టదు. రెజ్యూమెలో పద్నాలుగు నెలలని రాసుకుని అక్కడ నాలుగే చూపిస్తే అప్పుడు చెప్పడానికి మాటలుండవు.

నీ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది, అది కన్సల్టెన్సీ ఆయన చెప్పడు. ఓపీటీలో ఎక్కడ ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానావో సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డులో, నమోదై ఉంది. నమోదు చేయించింది నువ్వే. ఇప్పుడు నాలుగేళ్ళు చూపించాలంటే తేదీలను ఎటు జరుపుతారు? నువ్వు చదువుకుంటున్న రోజుల్లోకే. అంటే అనుమతి లేకుండా చదువుకునే కాలంలో ఉద్యోగం చేశానని నీ చేత్తో నువ్వే రాసి ఇచ్చినట్టు! చేయని తప్పును ఒప్పుకున్నట్టవుతుంది.

ఫోను చేస్తే చూసుకుంటాననే మాట కూడా పాతబడిపోయింది. చాలా కంపెనీల జీతాల లెక్కలు నేరుగా ఈక్విఫాక్స్ వారు నడిపే ది వర్క్ నంబర్ అనే ఉద్యోగ వివరాల జాబితాకు చేరతాయి, చేరిన తేదీ, మానిన తేదీ అక్కడ ఉంటాయి. నీ నివేదికను నువ్వే ఉచితంగా తెప్పించుకోవచ్చు. రెజ్యూమె ముట్టుకోకముందే ఆ పని చెయ్యి, అక్కడేమైనా తప్పుంటే సరిచేయించుకోవచ్చు.

ఇక రాయడం అంటావా, నీ జాబితా నువ్వు భయపడేంత అధ్వాన్నంగా లేదు. స్టార్టప్ పక్కన "కంపెనీ మూతపడింది" అని అదే వరుసలో చిన్నగా రాయి. బ్యాంకు ప్రాజెక్టుకు యజమాని కన్సల్టెన్సీ కాబట్టి ఆ పేరే పైన ఉండాలి, బ్యాంకు క్లయింటుగా కింద రావాలి, హోదా పక్కన "కాంట్రాక్టు" అని ఉండాలి. ఆ ఒక్క మాట చూడగానే ఎందుకు మానావని అడిగేవాళ్ళు సగం మంది తగ్గిపోతారు. ఒకే కన్సల్టెన్సీ కింద మూడు నాలుగు చోట్ల పనిచేసినవాళ్ళు వాటిని వేర్వేరు ఉద్యోగాలుగా రాసుకుని లేని నిలకడలేనితనాన్ని నెత్తికెత్తుకోవడం నేను చూశాను. యజమాని ఒకరే అయితే ఉద్యోగమూ ఒకటే, ప్రాజెక్టులు దాని కింద. హైదరాబాదు తొమ్మిది నెలలు ఉండనీ. నెలలు దాచి సంవత్సరాలు మాత్రమే వేయమని కొందరు చెబుతారు. దరఖాస్తులో ఎలాగూ నెల అడుగుతారు కాబట్టి ఆ తెలివి అక్కడిదాకానే. అన్నట్టు పుట్టినతేదీ, తండ్రి పేరు, ఫోటో ఉంటే తీసేయి.

ఎందుకు మారావని అడిగితే కట్టె, కొట్టె, తెచ్చె. "మొదటి కంపెనీకి పెట్టుబడి ఆగిపోయింది, రెండోది ఆరు నెలల కాంట్రాక్టు, అది అనుకున్న గడువుకే ముగిసింది." అక్కడ ఆగు. మనవాళ్ళకు ఆగడం రాదు. అవతలివాళ్ళు మౌనంగా ఉంటే కంగారు పడి మేనేజరు ఎంత చెడ్డవాడో కూడా చెప్పేస్తాం.

నీకు అసలు ముఖ్యమైనది ఇంకొకటి. ఓపీటీ మొదలైనప్పటి నుంచి ఉద్యోగం లేని రోజులు ఎన్నో లెక్క వేశావా? మొదటి ఏడాదిలో 90 రోజులు దాటకూడదు, స్టెమ్ పొడిగింపుతో కలిపి మొత్తం 150. శని, ఆదివారాలూ లెక్కే. ప్రాజెక్టు లేకుండా బెంచి మీద కూర్చోబెట్టి ఉద్యోగంలో ఉన్నట్టు నమోదు చేయించిన రోజులు ఏమీ లేవు కదా?

ఇర్వింగ్ నుంచి

బెంచి రోజులు లేవక్కా. లెక్క వేశాను: మొదటి ఉద్యోగానికి ముందు 20, తరువాత 48, స్టెమ్‌లోకి వచ్చాక 31. మొత్తం 99. ఇంత అయిపోయాయని నాకే తెలియదు. రెండు సందేహాలు. స్టార్టప్ లేదు కాబట్టి అనుభవ పత్రం ఎవరిని అడగాలి? హైదరాబాదులో నోటీసు కాలం పూర్తి చేయకుండా వచ్చేశాను, రిలీవింగ్ లెటర్ ఇవ్వలేదు.

ప్లేనో నుంచి

అయితే ఇంకా 51 రోజులున్నాయి. కొత్త ఉద్యోగం చేతికి రాకుండా ఇప్పటిది మానడానికి వీల్లేదు, పని ఎంత నచ్చకపోయినా సరే. మానేటప్పుడు స్టెమ్ ఓపీటీ శిక్షణ పత్రం ఐ-983లో చివరి మూల్యాంకనం మీద ఇక్కడివాళ్ళ సంతకం తీసుకో. కొత్త చోట చేరిన పది రోజుల్లో కొత్త ఐ-983 మీ కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి (డీఎస్‌ఓ) చేరాలి. ఆ చివరి మూల్యాంకనాన్ని చాలామంది మరిచిపోతారు.

స్టార్టప్ సంగతి ఈ వారమే చూడు. గ్రీన్ కార్డు పెట్టే కంపెనీలో సంపాదించిన అనుభవం సాధారణంగా ఆ దరఖాస్తులో లెక్కకు రాదు. అంతకు ముందు చేసినవే లెక్క. అంటే నువ్వు ఈరోజు సిగ్గుపడుతున్న నాలుగు నెలలు, ఆరు నెలలే రేపు కూడికలోకి వస్తాయి, ప్రతిదానికీ కాగితం ఉంటేనే. కంపెనీ మూతపడితే నీ పైన పనిచేసినాయన సొంతంగా రాసిచ్చే లేఖ, దానికి తోడు డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను చూపే పత్రం), జీతం చీటీలు పనికొస్తాయి. లేఖలో హోదా, చేరిన తేదీ, మానిన తేదీ, పూర్తికాలపు పని అన్న మాట, ఏ పనులు చేశావన్నది వివరంగా ఉండాలి. ఊరికే "మంచి కుర్రాడు" అని రాస్తే దేనికీ అక్కరకు రాదు. నాకు ఎనిమిదేళ్ళ తరువాత ఇలాంటి లేఖ అవసరం పడింది. ఆ మేనేజరు ఎక్కడున్నాడో వెతకడానికే రెండు నెలలు పట్టింది, దొరికాక ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

శాన్ హోసే, కాలిఫోర్నియా నుంచి

హైదరాబాదు సంగతి నేను చెబుతాను, నాదీ అదే కథ. నీ పీఎఫ్ నంబరు యూఏఎన్‌తో లాగిన్ అయితే భవిష్యనిధి సంస్థ ఈపీఎఫ్‌ఓలో నీ సర్వీసు చరిత్ర వస్తుంది, చేరిన, మానిన తేదీలతో. దాన్నీ ఫారం 16నీ జీతం చీటీలనూ నియామక పత్రాన్నీ ఒకచోట పెట్టుకో. ఇక్కడి తనిఖీవాళ్ళు నా దగ్గర వాటితోనే సరిపెట్టుకున్నారు. తరువాత ఎందుకైనా మంచిదని పాత కంపెనీకి రాస్తే, తక్కువైన నోటీసు రోజుల జీతం కట్టమన్నారు. కట్టాక లెటర్ పంపారు. అడిగి చూడు.

ఎడిసన్ నుంచి

నేను చెప్పింది పదిహేనేళ్ళ కిందటి మాట, నిజమే. సెవిస్ సంగతి నాకు తట్టలేదు. తమ్ముడూ, నా సలహా పక్కన పెట్టేయి.

ఇర్వింగ్ నుంచి

అందరికీ ధన్యవాదాలు. కన్సల్టెన్సీ ఆయనకు వద్దని చెప్పేశాను, కాస్త నొచ్చుకున్నారు. స్టార్టప్ మేనేజరుకు రాత్రే రాశాను. ఆయన ఆస్టిన్‌లో ఇంకో చోట చేరారట, లేఖ నన్నే రాసి పంపమన్నారు, చూసి సంతకం చేస్తారట. అక్కా, పంపేముందు ఒకసారి చూసి పెడతారా?