తెలుగు ఆఫీసు మెయిల్ చివర ఏం రాయాలె?

హన్మకొండలోని ఒక విత్తనాల దుకాణం మెయిల్ సంగతి ఇది. రాసేది ఇద్దరు, ఒకరు ఆడ, ఒకరు మగ. వ్యవసాయ అధికారులకు, ఎనుమాముల మార్కెట్ వ్యాపారులకు, రైతులకు అన్నీ తెలుగులోనే పోతాయి.

ప్రతి మెయిల్ కింద దానంతటదే వచ్చే జీమెయిల్ సంతకంలో 'భవదీయుడు' అని పెడితే ఆమె రాసినప్పుడు తప్పు, 'భవదీయురాలు' అంటే ఆయనకు తప్పు. 'భవదీయులు' అంటే ఇద్దరూ కలిసి రాసినట్టు. 'తమ విధేయుడు' అధికారికిచ్చే దరఖాస్తు వరకు సరే, రావలసిన బాకీ అడిగే మెయిల్‌కు అస్సలు నప్పదు. 'ఇట్లు'కు ఆడ, మగ తేడా లేదు గానీ రైతుకు రాస్తే నోటీసు లెక్క కనబడతది. 'ధన్యవాదాలతో' పని అడిగినప్పుడే బాగుంటది. సరుకు ఆలస్యమైందని చెప్పి కింద అదే పెడితే దేనికి ధన్యవాదమో తెలవదు.

ఇప్పటికి అనుకున్నది: సంతకంలో పేరు, హోదా, ఫోన్ నంబర్ మాత్రమే, ఇద్దరికీ చెరొకటి. ముగింపు మాట ప్రతిసారి చేత్తో టైపు చేయాలె. జవాబుల్లో సంతకం పాత మెయిల్ కిందికి పోయి కనబడకుండా, దాన్ని పాత మెయిల్‌కు పైనే పెట్టే సెట్టింగ్‌కు టిక్ పెట్టినం.

రైతులకు, వ్యాపారులకు 'నమస్కారాలతో', అధికారులకు 'ఇట్లు' సరిపోతాయా? ముగ్గురికీ నడిచే ఒక్క మాట మీ ఆఫీసుల్లో ఏదన్నా వాడుతున్నరా? దయచేసి వాడిన వాక్యంతో సహా చెప్పండి.