14 బ్రాండ్లున్న కార్ల కంపెనీ మోడళ్లను ఎలా పంచుకోవాలి? స్టెల్లాంటిస్ మీద చర్చ (మాట్లాడేవాళ్ల పేర్లుగా ఉన్నవి వాళ్ల పేటల పేర్లే)

పటమట
స్టెల్లాంటిస్ లెక్కలు చూశారు కదా. 2023లో 1,860 కోట్ల యూరోల నికర లాభం, 2024లో 550 కోట్లు, 2025 మొదటి ఆరు నెలలకు ఏకంగా 230 కోట్ల నష్టం. 2024 డిసెంబరులో సీఈఓ కార్లోస్ టవారెస్ దిగిపోయారు. 2025 జూన్ నుంచి ఆంటోనియో ఫిలోసా నడుపుతున్నారు. ఫియట్ క్రైస్లర్, ప్యూజో గ్రూపులు 2021 జనవరిలో కలిసినప్పుడు చేతికొచ్చిన బ్రాండ్లు 14: ఫియట్, అబార్త్, ఆల్ఫా రోమియో, లాంచియా, మసెరాటి, ప్యూజో, సిట్రోయెన్, డీఎస్, ఓపెల్, వాక్స్‌హాల్, జీప్, డాడ్జ్, క్రైస్లర్, రామ్. ఒక్కోదానికీ పదేళ్ల గడువిస్తాం, నిరూపించుకోండి అన్నారు అప్పట్లో.

నా మాట ముందే చెప్పేస్తా, తర్వాత తిట్టండి. ఒక ఖండంలో, ఒక సైజులో, రెండు బ్రాండ్లకు మించి కారు ఇవ్వకూడదు. ఇప్పుడేం జరుగుతోందో చూడండి. పోలండ్‌లోని టిహీ ఫ్యాక్టరీ నుంచి జీప్ అవెంజర్, ఫియట్ 600, ఆల్ఫా జూనియర్ మూడూ వస్తాయి. అదే ప్లాట్‌ఫారం (కారు కింది ఉమ్మడి నిర్మాణం) కుటుంబం మీద ప్యూజో 2008, ఓపెల్ మొక్కా, డీఎస్ 3 కూడా ఉన్నాయి. ఒకే సైజులో ఆరు. బ్యాంకు లోను తీసుకుని వచ్చే ఆసామి ఒక్కడే, అతని కోసం ఆరుగురు కొట్టుకోవాలి. (ఆ ఆల్ఫాకి మొదట మిలానో అని పేరు పెట్టారు. పోలండ్‌లో తయారైన కారుకు ఇటలీ ఊరి పేరేంటని ఇటలీ మంత్రి అభ్యంతరం చెప్పేసరికి 2024 ఏప్రిల్‌లో జూనియర్ చేశారు. పేరొక్కటే ఇటలీది అని వాళ్లే ఒప్పుకున్నట్టయింది.)

నా పంపకం ఇదీ. చవక కార్లు ఫియట్, సిట్రోయెన్‌లకి. మధ్య తరగతి ప్యూజో, ఓపెల్‌లకి. వాక్స్‌హాల్ ఎలాగూ బ్రిటన్‌లో ఓపెల్‌కి మారుపేరే, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. అబార్త్ ఫియట్‌లో ఒక వేరియంట్. డీఎస్ మొదట్లో సిట్రోయెన్‌లో ఒక శ్రేణే కాబట్టి తిరిగి అక్కడికే పోవాలి. లాంచియా మూసేయాలి.

అరండల్‌పేట
మూసేయాలి అనడం తేలికండీ, ఆ బిల్లు ఎవరు కడతారు? జనరల్ మోటార్స్ ఓల్డ్స్‌మొబిల్‌ను మూస్తామని 2000 డిసెంబరులో ప్రకటించింది. చివరి కారు 2004 ఏప్రిల్‌లో బయటికొచ్చింది. మూడేళ్ల పైచిలుకు. అమెరికా రాష్ట్రాల్లో డీలర్ల ఫ్రాంచైజీ చట్టాలు గట్టివి, ఊరికే పొమ్మంటే పోరు. వాళ్లకిచ్చిన పరిహారాలే వంద కోట్ల డాలర్ల పైమాట. పోనీ ఓల్డ్స్‌మొబిల్ కొనేవాళ్లంతా బ్యూక్ షోరూముకి నడిచొచ్చారా అంటే అదీ లేదు, చాలామంది గ్రూపు దాటి పోయారు.

2009లో పాంటియాక్, సాటర్న్, హమ్మర్‌లను వదిలించుకుని షెవర్లే, బ్యూక్, జీఎంసీ, కాడిలాక్ నాలుగే ఉంచుకోగలిగారంటే అది దివాలా కోర్టు చలవ. సాటర్న్‌ను పెన్స్కే అనే డీలర్ల గ్రూపు కొంటానంది. తీరా 2009 సెప్టెంబరు ఆఖరుకి బేరం చెడింది. ఎందుకు? కొన్నాళ్ల తర్వాత ఆ బ్రాండుకి కార్లు తయారుచేసి ఇచ్చేవాళ్లు కావాలి. రెనో బోర్డు కాదనేసింది. మోడళ్లన్నీ ఉమ్మడి ప్లాట్‌ఫారాల మీద ఉన్న బ్రాండును విడిగా అమ్మితే కొన్నవాడి చేతికి మిగిలేది పేరు బోర్డే. లాంచియాను ఎవరికో అమ్మేద్దాం అనుకునేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఎనికేపాడు
డెట్రాయిట్ దాకా ఎందుకు, మన చెన్నై దగ్గరి ఒరగడంలోనే రెనో-నిస్సాన్ ఇదంతా చేసి చూపించాయి కదా. నిస్సాన్ మైక్రాకి రెనో పల్స్, నిస్సాన్ సన్నీకి రెనో స్కాలా, రెనో డస్టర్‌కి నిస్సాన్ టెరానో. మొదటి రెండూ బంపర్, గ్రిల్, బ్యాడ్జి మార్పులే. పల్స్, స్కాలా నిలబడలేదు. టెరానోకి కాస్త ఖర్చుపెట్టి బానెట్, ముందు ఫెండర్లు, ల్యాంపులు, డిక్కీ డోర్ మార్చారు గానీ డస్టర్ కంటే ఎక్కువ ధర పెట్టారు.

డీలరు వైపు నుంచి చూడండి. ఒకే హైవే మీద కిలోమీటరు ఎడంలో రెండు షోరూములు, లోపల ఒకే కారు. కస్టమరు ఇక్కడ కొటేషన్ తీసుకుని అక్కడికి పోతాడు. అక్కడ పదివేలు తగ్గిస్తారు, ఆ కాగితంతో మళ్లీ ఇక్కడికొస్తాడు. నెలాఖరు టార్గెట్ రోజుల్లో ఇద్దరి మార్జిన్ కూడా ఆవిరి. రెండు డెమో కార్లు, రెండు చోట్ల స్పెషల్ టూల్స్, రెండు స్కానర్ల (కారు లోపాలు చదివే మెషిన్ల) సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, రెండు స్పేర్ల స్టాకులు. ఫ్యాక్టరీలో మిగిలిందనుకున్న డబ్బు ఇక్కడ కారిపోతుంది.

మరి మారుతి బాలెనో, టయోటా గ్లాంజా జంట ఎందుకు నడిచింది? 2019లో టయోటా దగ్గర ఆ ధరలో చెప్పుకోదగ్గ కారు లేదు, కాబట్టి ఎవరి గిరాకీనీ తినలేదు. రెండోది వారంటీ. అప్పుడు బాలెనోకి 2 ఏళ్లు లేదా 40,000 కిలోమీటర్లు, గ్లాంజాకి 3 ఏళ్లు లేదా లక్ష. కారు ఒకటే అయినా చేతికొచ్చే కాగితం వేరు. మారుతి కూడా 2024 జులైలో 3 ఏళ్లు, లక్షకి వచ్చేసింది, ఆ తేడా పోయింది.

పటమట
ఎనికేపాడు గారూ, టెరానోలో ఏం మార్చారో మీరు చెప్పిన జాబితాలోనే అసలు లెక్క ఉంది. ఒక్కో ఉక్కు ప్యానెల్‌కి ఒక డై (రేకును నొక్కే అచ్చు) సరిపోదు. డ్రా (ఆకారం తేవడం), ట్రిమ్ (అంచు కోయడం), పియర్స్ (రంధ్రాలు), ఫ్లాంజ్ (అంచు మడత) అని నాలుగైదు ఆపరేషన్లు, ఒక్కోదానికి ఒక డై. బానెట్ అయితే ఔటర్‌కి ఒక సెట్టు, ఇన్నర్‌కి ఒక సెట్టు. సైడ్ బాడీ ఔటర్ అన్నిటికంటే పెద్ద తలనొప్పి. ముందు పిల్లర్ దగ్గర మొదలై వెనక చక్రం దాటేదాకా ఒకే ముక్క. దాన్ని కదిపితే తలుపులు, డోర్ రబ్బర్లు, గ్లాసులు, వెల్డింగ్ జిగ్‌లు అన్నీ కదలాలి. బంపర్, గ్రిల్ మాత్రం ప్లాస్టిక్ మోల్డులు, వాటి ఖర్చు చాలా తక్కువ. అందుకే డబ్బుల్లేని కంపెనీ చేయి మొదట బంపర్ మీదికే పోతుంది.

అక్కడే తప్పు జరుగుతుంది. ఫెండర్ ఉమ్మడిగా ఉంచి హెడ్‌ల్యాంపు ఒక్కటీ మారిస్తే, కొత్త ల్యాంపు అంచు పాత ఫెండర్ కోతకి లొంగి ఉండాలి. డిజైనర్ చేతులు కట్టేసినట్టే. ఎంత మార్చినా అదే మొహం కనిపిస్తుంది. బానెట్, ఫెండర్, ల్యాంపు, బంపర్ నాలుగూ ఒక సెట్టుగా మారిస్తేనే వేరే కారు అనిపిస్తుంది. అయితే బానెట్, బంపర్ మారాయంటే పాదచారుల భద్రత పరీక్ష, ఏఐఎస్-100, మళ్లీ చూసుకోవాలి. ఖర్చు డైలతో ఆగదు.

ఫైర్‌వాల్ (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య గోడ), విండ్‌షీల్డ్ కింది కౌల్, ఏసీ బాక్స్, స్టీరింగ్ మౌంటింగ్, వైరింగ్ మాత్రం ఏ బ్రాండుకీ వేరుగా ఇవ్వకూడదు. కస్టమరుకి కనపడవు, డబ్బంతా అక్కడే.

ఆటోనగర్ మూడో లైను
పటమట అన్న చెప్పింది ఫ్యాక్టరీ గేటు వరకు కరెక్టు. గేటు బయట కథ తిరగబడుతుంది. ఫ్యాక్టరీకి చవకగా మారేవి ఏవి? బంపర్, గ్రిల్, హెడ్‌ల్యాంపు. రోడ్డు మీద ముందు పగిలేవి ఏవి? అవే. బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో వెనక్కొచ్చి తగిలితే పోయేది ఫైర్‌వాల్ కాదు కదా.

ఇంజను సామాను దగ్గర ఏ ఇబ్బందీ లేదు. రెనో 1.5 డీజిల్, అదే కే9కే, డస్టర్, టెరానో, మైక్రా, సన్నీ, స్కాలా అన్నిటిలో ఉంది. టైమింగ్ బెల్ట్, టెన్షనర్ ఏ కౌంటర్లో అడిగినా దొరుకుతాయి. బాలెనో బ్రేక్ ప్యాడ్లు గ్లాంజాకి పట్టేస్తాయి. బాక్స్ మీద పేరు, పార్ట్ నంబరు, ఎమ్మార్పీ వేరు, అంతే. బండి కింది సామానుకి ఒక ఇబ్బంది ఉంటే, రెండు నంబర్లూ ఒకటేనని కౌంటర్ కుర్రాడికి తెలియకపోవడమే.

తక్కువ అమ్ముడైన జంట కారు బాడీ సామానుతోనే చిక్కు. మైక్రా బంపర్‌కి లోకల్ మాల్ తయారుచేసేవాడుంటాడు, పల్స్ బంపర్‌కి ఉండడు. మోల్డు ఖర్చు రాదు మరి. ఒరిజినల్‌కి ఆర్డర్ పెట్టి కూర్చోవాలి. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి పోయాక బండి షెడ్డులో నెలలు గడుస్తాయి. ఆ ఓనరు చుట్టుపక్కల పదిమందికి చెబుతాడు. సెకండ్‌హ్యాండ్ రేటు పడిపోయేది అలాగే, బ్రాండు పేరు బాగోక కాదు.

బెంజ్ సర్కిల్
మూడో లైను బ్రదర్, ప్లాట్‌ఫారం ఒకటైతే ఎలక్ట్రానిక్స్ అయినా ఒకదానిది ఒకదానికి వాడొచ్చు కదా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ అంతా మునిగినప్పుడు కంట్రోల్ మాడ్యూళ్ల (కారులోని చిన్న కంప్యూటర్ల) కోసమే అందరూ ఎదురుచూశారు.

ఆటోనగర్ మూడో లైను
కుదరదండీ. డబ్బా ఒకటే, లోపలి సాఫ్ట్‌వేర్ వేరు. ఇంజను ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్), బాడీ కంట్రోల్ మాడ్యూల్ రెండూ తాళం ఇమ్మొబిలైజర్‌తో (దొంగతనం ఆపే లాక్) జత కడతాయి, ఛాసిస్ నంబరుతో కోడింగ్ చేయాలి. ఆ కోడింగ్ ఆ బ్రాండు స్కానర్‌లోనే, ఆన్‌లైన్ లాగిన్‌తోనే. జంట కారు మాడ్యూల్ తెచ్చి పెడితే కొన్నిటికి అసలు స్టార్టే కాదు, స్టార్ట్ అయినా మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరదు. కంపెనీ తలుచుకుంటే రెండు బ్రాండ్ల సర్వీసు సెంటర్లకీ ఒకే లాగిన్ ఇవ్వొచ్చు. కొత్త మోడల్ అక్కర్లేదు, డై అక్కర్లేదు. కష్టాల్లో ఉన్న కంపెనీ మొదట చేయాల్సిన పని అదే అంటాను.

బెంజ్ సర్కిల్
సరే, ఒప్పుకున్నా. కానీ మీరంతా జంట కార్ల ఫెయిల్యూర్లే చెబుతున్నారు, పెనుకొండలో ఫ్యాక్టరీ ఉన్న కియాను మరిచిపోయారు. కియా 1997లో దివాలా తీస్తే 1998లో హ్యుందాయ్ తీసుకుంది. ఈరోజు క్రెటా, సెల్టోస్ లోపల ఒకే ఇంజన్లు, బయట ఒక్క ప్యానెల్ కూడా కలవదు. షోరూములు వేరు, ఎవరి గిరాకీ వాళ్లకుంది. 2019లో సెల్టోస్‌తో మొదలైన కియా ఇక్కడ హ్యాచ్‌బ్యాక్ జోలికే పోలేదు, ఐ20, ఐ10 హ్యుందాయ్‌కే వదిలేసింది. పంచుకోవడమంటే అదీ.

స్కోడా-ఫోక్స్‌వాగన్ కూడా అదే దారికొచ్చాయి. కుషాక్-టైగున్, స్లావియా-వర్టస్ జంటలు చేశారు. 4 మీటర్లలోపు కారు వచ్చేసరికి కైలాక్ ఒక్క స్కోడాకే ఇచ్చారు. డబ్బు తక్కువున్నప్పుడు సైజుల వారీగా పంచాలి. ఒకే సైజు ఇద్దరికీ ఇవ్వడం అంబానీలు చేసే పని.

ఎనికేపాడు
ఆ పంపకంలో ఫోక్స్‌వాగన్ డీలరు గతేంటి? 2022లో పోలో ఆగిపోయాక వాళ్లకి 4 మీటర్లలోపు కారే లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్లలోపు, 1,200 సీసీ లోపు పెట్రోలు కారుకి జీఎస్టీ 18 శాతం, దాటితే 40. ఆ గీత కింద కారు లేని షోరూముకి మొదటి కారు కొనేవాడు రాడు. నాలుగేళ్ల తర్వాత పెద్ద కారుకి ఎదిగేది ఆ కస్టమరే కదా. సర్వీస్ బేలు కూడా చిన్న కార్లతోనే నిండుతాయి, డీలరు కరెంటు బిల్లు కట్టేది ఆ లేబర్ చార్జీలతో. హ్యుందాయ్ అమ్మకాలున్నాయి కాబట్టి కియాకి హ్యాచ్‌బ్యాక్ లేకపోయినా గ్రూపుకి నడిచింది. అమ్మకాలే లేని గ్రూపులో ఆ పంపకం పెడితే ఒక షోరూము పస్తు.

అరండల్‌పేట
ఎనికేపాడు గారి పాయింటే నా పాయింటు కూడా. బ్రాండ్లను లెక్కపెట్టడం దండగ, పైకప్పులు లెక్కపెట్టాలి. అమెరికాలో క్రైస్లర్ బ్రాండు కింద ఇప్పుడు మిగిలింది మినీవ్యాన్ ఒక్కటే. మూసేయమని అందరూ అంటారు. కానీ అక్కడ క్రైస్లర్, డాడ్జ్, జీప్, రామ్ ఎక్కువగా ఒకే డీలరు కప్పు కింద ఉంటాయి. ఆ వ్యాన్ వల్ల అదనపు అద్దె లేదు, అదనపు మెకానిక్ లేడు. మూసేస్తే మిగిలేది తక్కువే. డాట్సన్‌ను 2022 ఏప్రిల్‌లో ఇక్కడ ఆపేసినప్పుడు పెద్ద గొడవ లేకపోవడానికీ అదే కారణం. గో, రెడీ-గో అమ్మింది నిస్సాన్ షోరూముల్లోనే, సర్వీసు అక్కడే కొనసాగింది.

కాబట్టి వరుస ఇలా ఉండాలి: ముందు షోరూములు కలపడం, తర్వాత స్పేర్ల గోడౌను, కోడింగ్ లాగిన్ కలపడం, ఆ తర్వాతే ఏ మోడల్‌కి వారసుడు (తర్వాతి తరం కారు) ఇవ్వాలో తేల్చడం. వారసుడు లేని బ్రాండు దానంతటదే సన్నబడుతుంది, పరిహారం గొడవ తక్కువ. పటమట గారు లాంచియా మూసేయమన్నారు. ఇప్పుడు దానికి ఇప్సిలాన్ కారు ఒక్కటే గట్టి దిక్కు. ఫియట్ కప్పు కిందకి తెచ్చి వదిలేయండి చాలు.

పటమట
కప్పు కలిపితే సరిపోదు మాస్టారూ. మోడళ్లు పాతబడిపోతాయి. చేతులు ముడుచుకుని చూస్తూ కూర్చోవడాన్ని పంపకం అనరు. అయినా షోరూము, గోడౌను ముందు అన్నదానికి ఒప్పుకుంటా. మన దగ్గరి లెక్కే తీసుకోండి. జీప్ కంపాస్ రంజన్‌గావ్‌లో 2.0 డీజిల్‌తో, సిట్రోయెన్ సీ3 తిరువళ్లూరులో 1.2 పెట్రోలుతో. రెండిటికీ ఒక్క బోల్టు కలిస్తే గొప్ప. ఇద్దరిలో ఎవరికీ సరిపడా గిరాకీ లేదు. సీ3 పొడవు 3,981 మిల్లీమీటర్లు, ఇంజను 1,199 సీసీ, అంటే 18 శాతం శ్లాబులోకి వస్తుంది. ఆ బాడీ మీద ముందు నాలుగు ప్యానెళ్లూ మార్చి జీప్ ఒకటి చేస్తే? యూరప్‌లో జీప్ అవెంజర్ కూడా 1.2 పెట్రోలు, ముందు చక్రాల డ్రైవే కదా.

ఎనికేపాడు
ఆ ధరలో జీప్ ఉంటే జనం చూడటానికైనా వస్తారు. సిట్రోయెన్ పక్కన, ఒకే కప్పు కింద, ఒకే మెకానిక్‌తో అయితేనే. వేరే షోరూము కట్టమంటే ఎవరూ ముందుకు రారు.

ఆటోనగర్ మూడో లైను
నాలుగు ప్యానెళ్లు మార్చండి, అడ్డు చెప్పను. హెడ్‌ల్యాంపు యూనిట్ మాత్రం రెండిటికీ ఒకటే ఉండేలా ఫెండర్ కోత గీయండి, బంపర్ మౌంటింగ్ బ్రాకెట్లు కూడా. జీప్ ఏడు గీతల గ్రిల్ ఎలాగూ వేరే ముక్క, పగిలితే అదొక్కటి మారుతుంది. ల్యాంపు వేరే పెట్టారంటే మళ్లీ పల్స్ బంపర్ కథే.

పటమట
ల్యాంపు ఒకటే పెడితే ఫెండర్ కోతా ఒకటే అవుతుంది, నేను చెప్పిన ఆ నాలుగూ రెండుకి పడిపోతాయి. బయటి కవరు వేరు, లోపలి రిఫ్లెక్టర్, బల్బు హోల్డర్, బ్రాకెట్ ఉమ్మడి అంటే కుదురుతుంది. కవరు ఒక్కటీ విడిగా స్పేర్‌గా ఇవ్వాలి. కంపెనీలు అది ఇవ్వవు, పూర్తి అసెంబ్లీ కొనమంటాయి.

ఆటోనగర్ మూడో లైను
ఇప్పించండి. కవరు విడిగా వస్తే అంటించి ఇచ్చేవాళ్లు ఇక్కడ వీధికొకరు ఉన్నారు.